పండుగ పంక్తిలో మితాహారము



సంక్రాంతి మూడు దినముల పండుగ. భోగినాటి పొంగలి, పెద్దపండుగనాటి యరిసెలు, కనుమనాటి మినపగారెలు లేని యిల్లు మన పల్లెలలో నరుదు. వానిని విడువుడని చెప్పుటకు నేను రాలేదు. అరిసెలకు బియ్యము నానబోయునాడే భోజనమునుగూర్చి కొంత యాలోచింపుడని మాత్రము మనవి చేయుచున్నాను.

చక్కెరకంటె బెల్లము మేలని పలువురు నమ్ముదురు. మధుమేహము గలవారి నెత్తుటిలో రెండును చక్కెరనే పెంచును. దినమునకు 2,000 కాలరీల యాహారము గొనువారికి, చేర్చిన తీపి 50 గ్రాములలోపుగా నుండవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో తెలిపినది. కావున అరిసెలు, బూరెలు, పరమాన్నము నొకే పంక్తిలో వడ్డింపక, పూటకొక తీపి నేర్పరచుకొనుడు. విస్తరిలో ముందు కూర, పప్పు తిని, పిమ్మట నన్నము కలుపుకొనుడు.

వేరొక యపాయము కలదు. పెద్దలకు తర్పణములు విడుచువరకు పస్తుండి, ప్రొద్దెక్కినపిదప భుజించుట మనలో పలువురి యాచారము. ఇన్సులిను గాని, చక్కెరను తగ్గించు కొన్ని మాత్రలు గాని పుచ్చుకొనువా రిట్లుండిన, నెత్తుటిలో చక్కెర మిక్కిలి పడిపోవచ్చును. చెమట, వణకు, కన్నులు తిరుగుట దాని గుర్తులు. తెలివి యుండగనే చక్కెరనీరు త్రాగింపవలెను. తెలివి తప్పినచో నోట నేమియు పోయక వైద్యశాలకు చేర్పవలెను. పండుగకు ముందే వైద్యు నడిగి మందువేళలు నిర్ణయించుకొనుట క్షేమము.

అతిథిని బలవంతపెట్టుట మర్యాదయని తలంతుము. చాలునన్నవాని విస్తరిలో మరియొక యరిసె వేయకుండుటయు మర్యాదయే. ఆ మాట పెద్దలైన మీరు చెప్పిన, ఇంటివారు విందురు.