శాంపిల్ కొండ దిగింది, రిపోర్టు కొండ ఎక్కలేదు

(విశాఖ వన్ టౌన్‌లో, నగరంలో చదువుకుంటున్న ఏజెన్సీ విద్యార్థుల సమావేశంలో మాట్లాడిన మాటల పాఠం)



పాడేరు, అరకు, చింతపల్లి, అనంతగిరి నుంచి వచ్చి ఇక్కడ హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఉంటూ చదువుకుంటున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చాలామంది కనిపిస్తున్నారు. ఈ మీటింగ్ వన్ టౌన్‌లోనే పెట్టమని అడిగింది నేనే. ఎందుకో చెప్తాను.

ఈ కోటవీధికి, కురుపాం మార్కెట్‌కి పోర్టు కూతవేటు దూరం. పొద్దున తుడిచిన కిటికీ సాయంత్రానికి మళ్ళీ నల్లబడుతోందని ఇక్కడి అక్కలు ఎన్నో ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. ఓడల్లో వచ్చే బొగ్గు, ఓడలెక్కే ఇనుప ఖనిజం, రెండిటి దుమ్మూ వాళ్ళ ఇళ్ళ మీదే. ఆ ఇనుప ఖనిజం ఎక్కడిది? బస్తర్‌లోని బైలదిల్లా కొండలది. జపాన్‌కు ఎగుమతి కోసం 1960ల్లో వేసిన కొత్తవలస-కిరండూల్ లైను మీద, మన అరకు మీదుగా, బొర్రా పక్కనుంచి వస్తుంది. ఒడిశాలో పంచపట్‌మాలి కొండ బాక్సైట్‌ని దామన్‌జోడిలో అల్యూమినా పొడిగా మారుస్తారు. అదీ ఈ పోర్టు నుంచే ఓడెక్కుతుంది. అసలు 1933లో ఈ పోర్టు తెరిచింది కూడా ముఖ్యంగా మధ్య పరగణాల మాంగనీసు కోసమే. అంటే మన కొండలూ, మన పక్కవాళ్ళ కొండలూ చివరికి వచ్చి చేరే చోటు ఈ వన్ టౌన్. కొండ మీద దుమ్ము తినేవాళ్ళకీ, పోర్టు పక్కన దుమ్ము తినేవాళ్ళకీ మధ్య ఉన్నది ఒక్క రైలు పట్టాయే.

ఈ రోజు నేను మాట్లాడబోయేది గనుల మీద ప్రభుత్వం చేసే పరిశోధన గురించి. "అది సైంటిస్టుల పని, మనకెందుకన్నా?" అనొచ్చు మీరు. మనకే కావాలి. చెప్తాను.

రాయి గురించి తెలుసుకోవడానికి మన ప్రభుత్వానికి చాలా సంస్థలున్నాయి. జియొలాజికల్ సర్వే 1851లోనే పుట్టింది. ఏ కొండలో ఏముందో చెప్పేది అదే. 1948లో వచ్చిన ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ నాగపూర్‌లో ఉంది. తక్కువ రకం ఖనిజాన్ని ఎలా శుద్ధి చేయాలో దాని ల్యాబుల్లో చూస్తారు. ఒక్క బాక్సైట్, అల్యూమినియం కోసమే అదే నాగపూర్‌లో జవహర్‌లాల్ నెహ్రూ పేరుతో ఇంకో పరిశోధనా కేంద్రం ఉంది. భువనేశ్వర్‌లో ఖనిజాల మీద, ధన్‌బాద్‌లో గనుల మీద సంస్థలున్నాయి, రాతి ఒత్తిళ్ళ మీద కూడా వేరే సంస్థ ఉంది. గనుల్లో భద్రత చూసే డైరెక్టరేట్ కూడా ధన్‌బాద్‌లోనే ఉంది.

ఇంతకీ ఖనిజ శుద్ధి అంటే ఏంటి? రాయిని పగలగొట్టడం, పిండి చేయడం, కడగడం, కావలసింది తీసుకుని అక్కర్లేనిది పక్కన పోయడం. మన ఇంట్లో ధాన్యం దంచి చెరిగినట్టే. కాకపోతే మన ఊక పశువులకు పనికొస్తుంది. వాళ్ళ ఊక అలా కాదు. బాక్సైట్‌నే తీసుకోండి. దాన్ని పొడి చేసి, వేడి వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో ఉడికిస్తారు. రెండు మూడు టన్నుల బాక్సైట్‌కి ఒక టన్ను అల్యూమినా వస్తుంది. దాంతోపాటు దాదాపు టన్ను నుంచి టన్నున్నర దాకా ఎర్ర బురద మిగులుతుంది. అందులో కాస్టిక్ ఉంటుంది, చర్మం కాలుతుంది. 2010 అక్టోబరులో హంగరీ దేశంలో ఐకా అనే ఊరి దగ్గర అలాంటి బురద చెరువు గట్టు తెగింది. ఊళ్ళు మునిగి పదిమంది చనిపోయారు. ఆ బురదను సిమెంటులో కలపొచ్చా, అందులో మిగిలిన ఇనుము తీయొచ్చా అని మన ల్యాబులు, బయటి దేశాల ల్యాబులు దశాబ్దాలుగా పరిశోధిస్తూనే ఉన్నాయి. అయినా ప్రపంచం మొత్తం మీద పుట్టే ఎర్ర బురదలో తిరిగి వాడుకలోకి వచ్చేది చాలా కొంచెమే. మిగతాదంతా ఎక్కడో ఒక ఊరి పక్కన చెరువై కూర్చుంటుంది.

ఇక భద్రత సంగతి. నేను సైన్సుకు వ్యతిరేకిని కాదు, ముందే చెప్తున్నా. కోలార్ బంగారు గనుల్లో తమిళ, తెలుగు కూలీలు ఎంతోమంది పని చేశారు. మన దేశంలో సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు మొదట బయటపడింది అక్కడే, 1947లో. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని, అవి గట్టిపడిపోయే జబ్బు అది. దానికి మందు లేదు. కానీ రాకుండా ఆపొచ్చు. డ్రిల్లు కొట్టేటప్పుడు నీళ్ళు పోస్తే దుమ్ము లేవదు. ఇంత చిన్న సంగతి పరిశోధన వల్లే నియమమైంది, ప్రాణాలు కాపాడింది. 1952 గనుల చట్టం కింద సిలికోసిస్‌నీ, మాంగనీసు విషాన్నీ గని జబ్బులుగా గుర్తించారు. కార్మికుడికి పనిలో చేరేటప్పుడూ, తర్వాత ఐదేళ్ళకోసారీ డాక్టరీ పరీక్ష చేయాలని నియమం పెట్టారు.

మరి మా మావయ్యకు ఆ పరీక్ష ఎందుకు జరగలేదు? ఆయన పన్నెండేళ్ళు కంకర క్వారీలో పనిచేశాడు. ఏ క్వారీ అన్నది ఇప్పుడు ముఖ్యం కాదు. రిజిస్టర్‌లో ఆయన పేరు లేదు, కూలీ డబ్బులు మేస్త్రీ చేతికి వచ్చేవి. దగ్గు పట్టుకుంది. ఆసుపత్రిలో టీబీ అన్నారు, మందులు ఇచ్చారు. కోర్సు రెండుసార్లు పూర్తిచేశాడు. తగ్గలేదు. "ఏం పని చేసేవాడివి?" అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ఆ ప్రశ్న అడిగి ఉంటే ఎక్స్‌రేని వేరేలా చూసేవాళ్ళు. ఆఖర్న ఇంటి గుమ్మం నుంచి రచ్చబండ దాకా నడవలేకపోయాడు. కాగితం మీద ఆయన టీబీతో పోయాడు. దుమ్ముతో పోయినవాళ్ళ లెక్కలో ఆయన లేడు. లెక్కలో లేని మనిషి పరిశోధనలోకి ఎలా వస్తాడు?

ఇదే నా అసలు మాట. కొండ గురించి పరిశోధన జరిగింది. కొండ మీద మనిషి గురించి అంత జరగలేదు. మన కొండల్లో ఎన్ని టన్నుల బాక్సైట్ ఉందో, అందులో అల్యూమినా ఎంత శాతమో వాళ్ళ దగ్గర పటాలతో సహా ఉంది. రాతి శాంపిళ్ళు సంచుల్లో కొండ దిగి ల్యాబుకి వెళ్ళాయి. ఆ రిపోర్టు మన ఊరికి తిరిగి ఎక్కలేదు. అదే కొండ కింద ఊటలో ఎండాకాలం ఎన్ని బిందెల నీళ్ళు వస్తాయో ఏ రిపోర్టులో ఉంది? పైన పొర తీసేస్తే ఆ ఊట ఉంటుందా, ఎండుతుందా? ఇది సెంటిమెంటు కాదు. కొలవగలిగిన ప్రశ్న. కొలవమని అడగాలి.

మనవాళ్ళు ఇప్పటిదాకా హక్కు కోసం కొట్లాడారు, గెలిచారు కూడా. అనంతగిరి మండలం బొర్రా దగ్గర గనుల లీజుల మీద నడిచిన కేసులో 1997 జూలై 11న సమతా తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా తన భూమిని ఆదివాసేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. 2015 నవంబరులో చింతపల్లి అడవుల్లో 1,212 హెక్టార్లు బాక్సైట్ కోసం ఇస్తూ జీవో 97 వచ్చింది. ఊరూరా లేచింది. 2019లో రద్దయింది. ఆ పోరాటాల్లో లాఠీ దెబ్బలు తిన్న పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. జీవో రద్దయింది గానీ కొండలో బాక్సైట్ అలాగే ఉంది. రేపు ఇంకో పేరుతో ఇంకో కాగితం వస్తుంది. అప్పుడు మన చేతిలో నినాదంతో పాటు లెక్క కూడా ఉండాలి.

1996 పెసా చట్టం గ్రామసభను సంప్రదించాలంటుంది. ఏం తెలియజెప్పి సంప్రదిస్తారు? పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణకు వందల పేజీల రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. సారాంశం మాత్రం తెలుగులో ఇస్తారు. మా అమ్మమ్మకు ఆ తెలుగూ రాదు, ఆమెది కువి. కువిలో, ఆదివాసీ ఒడియాలో మైకులో చదివి వినిపించనిదే అది సంప్రదింపు అవుతుందా?

అందుకే మీకు నాలుగు పనులు చెప్తున్నా, రాసుకోండి.

ఒకటి. ఈ సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు మీ ఊరి ఊట దగ్గర కూర్చోండి. బకెట్ నిండడానికి ఎన్ని సెకన్లు పడుతోందో ఫోనులో చూసి, తేదీ వేసి నోటుబుక్కులో రాయండి. నెలనెలా రాసే బాధ్యత ఊళ్ళో ఒకరికి అప్పజెప్పండి. మూడేళ్ళు రాస్తే దాన్ని ఎవరూ కొట్టిపారేయలేరు.

రెండు. క్వారీల్లో, క్రషర్లలో పనిచేసిన మీ ఊరివాళ్ళ జాబితా తీయండి. ఎన్నేళ్ళు చేశారు, దగ్గుందా, టీబీ మందులు వాడారా. వాళ్ళను ఆసుపత్రికి తీసుకెళ్తే "క్వారీలో చేశాడు" అని డాక్టరుకు ముందు మీరే చెప్పండి, చీటీ మీద రాయించండి.

మూడు. మీ మండలంలో జరిగిన ప్రతి సర్వే రిపోర్టునూ సమాచార హక్కు కింద అడగండి. 2015లో గనుల చట్టం సవరించాక జిల్లాకో ఖనిజ నిధి వచ్చింది. తాగునీరు, ఆరోగ్యం దాని మొదటి ప్రాధాన్యాల్లో ఉన్నాయి. ఊపిరితిత్తుల పరీక్షలకు అందులోంచి ఖర్చు పెట్టమని గ్రామసభలో తీర్మానం చేయించండి.

నాలుగు. ఇక్కడ జియాలజీ, కెమిస్ట్రీ, నర్సింగ్, డిప్లొమా మైనింగ్ చదివేవాళ్ళు చేతులెత్తండి. చూశారా, ఇంతమంది ఉన్నారు. మీరు ఆ ల్యాబుల్లోకి వెళ్ళండి, ఉద్యోగాలు చేయండి, నాకు సంతోషం. కానీ మన కొండ రాయి మీ టేబుల్ మీదికి వచ్చిన రోజు, దాని కింద ఊట ఉందనీ, ఊట పక్కన ఊరుందనీ రిపోర్టులో రాయించండి. ఆ రిపోర్టు పట్టుకుని కొండెక్కండి. మీ అమ్మమ్మ భాషలో చదివి వినిపించండి.

బయటికి వెళ్ళేటప్పుడు ఈ హాలు కిటికీ చువ్వ మీద ఒకసారి వేలు పెట్టి చూసుకోండి. ఆ దుమ్ము ఏ కొండదో మీకిప్పుడు తెలుసు.