సరస్సు ఒడ్డున ఒక రాయి



జర్మనీ యాత్రలో మేము దర్శించిన కాన్‌స్టాన్స్ పట్టణమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు కోరారు. 1842 జూలై 31న గుంటూరు చేరిన ఫాదర్ హయ్యర్ పుట్టినది జర్మనీలోనే గనుక ఆ దేశము మనకు పరాయిది కాదు. అయితే ఈ పట్టణమునకు మమ్మును నడిపించినది జాన్ హస్ అను మరొక భక్తుని జ్ఞాపకము.

పట్టణము స్విట్జర్లాండు సరిహద్దును ఆనుకొని, పెద్ద సరస్సు ఒడ్డున ఉన్నది. రైను నది దాని మధ్యగా పారుతుంది. రేవు దగ్గర 1388లో కట్టిన ఒక పెద్ద భవనము చూచాము. అది గుడి కాదు, కోట కాదు. వర్తకుల సరుకుల గిడ్డంగి. పత్తి బేళ్లు, మిరప టిక్కీలు చూచి పెరిగిన మనకు అది కొత్తగా తోచదు. ముగ్గురు పోపుల మధ్య చీలిన సంఘమును ఏకము చేయుటకు 1414 నుండి 1418 వరకు ఆ పట్టణములో మహాసభ జరిగినది. 1417లో ఐదవ మార్టిన్ పోపుగా ఎన్నికైనది ఆ గిడ్డంగిలోనే.

చీలిక మాన్పిన ఆ సభయే హస్‌ను అగ్నికి అప్పగించినది. ఆయన ప్రేగు నగరములో జనుల సొంత భాషయైన చెక్‌లో ప్రసంగించి, పాపక్షమాపణ పత్రముల అమ్మకమును ఖండించిన బోధకుడు. రాజైన సిగిస్మండ్ ఇచ్చిన అభయమును నమ్మి 1414 నవంబరులో అక్కడికి వచ్చారు. నెల తిరుగకముందే చెరలో వేశారు. కాటా వేయకముందు ఇచ్చిన మాట కాటా వేసిన తరువాత కూడా నిలువవలెనని మన పల్లె రైతుకు తెలుసు. ఆ సభలోని ఏలికలకు అది పట్టలేదు. 1415 జూలై 6న ఆయనను సజీవముగా దహించి, బూడిదను రైనులో కలిపారు. 1519లో లైప్‌జిగ్ వాదమునందు, హస్ బోధలో సువార్తకు తగినవి అనేకమున్నవని లూథర్ బహిరంగముగా ఒప్పుకొన్నారు.

ఆ పట్టణము జరిగిన దానిని దాచలేదు. 1862లో ఒక పెద్ద బండరాతిపై హస్ పేరును, మరుసటి ఏట అక్కడే దహింపబడిన జెరోమ్ పేరును చెక్కి నిలిపారు. 1999లో పోపు రెండవ జాన్ పాల్, హస్ పొందిన క్రూర మరణమునకు విచారము తెలిపారు.

శతాబ్ది పండుగలో మనము కట్టిన గుళ్లు, బడులు, ఆసుపత్రులు లెక్కించుకొందుము, అది తగినదే. కాని ఒకే ప్రభువు బల్ల యొద్ద కులము చూచి ఎడముగా నిలిచిన దినములు, సంఘ ఆస్తి కొరకు సహోదరులు కోర్టు మెట్లెక్కిన దినములు కూడా మన చరిత్రలోనివే. వాటిని కూడ మన పిల్లలు చదువునట్లు వ్రాయుదము. అందుకు తగిన ధైర్యమును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.