బయోమాస్: బెల్లం పొయ్యి నుంచి పవర్ ప్లాంట్ దాకా

కూర్మన్నపాలెం నుంచి మాట్లాడుతున్నాను.

మా మేడ ఎక్కితే స్టీల్ ప్లాంట్ చిమ్నీలు కనిపిస్తాయి. అటుపక్క పరవాడలో ఎన్టీపీసీ సింహాద్రి, 2000 మెగావాట్లు. రెండూ బొగ్గు తినేవే. "బొగ్గు మానేసి ఊక, గడ్డి, కర్ర కాల్చొచ్చు కదా!" అని చాలామంది అడుగుతుంటారు. ఈరోజు ఆ లెక్క చూద్దాం.

బయోమాస్ అంటే మొక్క దాచుకున్న ఎండే. కాల్చినప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని మళ్ళీ పెరిగే మొక్క తీసుకుంటుంది. మళ్ళీ పెరిగితేనే సుమా! నరికేసి ఊరుకుంటే ఆ లెక్క చెల్లదు.

మనకి బాగా తెలిసిన ఉదాహరణ అనకాపల్లి బెల్లం. చెరకు రసం పెనంలో మరుగుతుంటే కింద మండేది ఎండబెట్టిన చెరకు పిప్పే. షుగర్ ఫ్యాక్టరీలో 100 టన్నుల చెరకు ఆడితే సుమారు 30 టన్నుల పిప్పి వస్తుంది. దాంతోనే ఆవిరి, దాంతోనే కరెంటు. సరుకు ఉన్నచోటే పొయ్యి ఉంది, అందుకే గిట్టుబాటు అవుతుంది.

ఇప్పుడు సింహాద్రికి వద్దాం. థర్మల్ ప్లాంట్లు బొగ్గులో 5 శాతం బయోమాస్ పెల్లెట్లు కలపాలని కేంద్రం 2021లో విధానం తెచ్చింది. యూనిట్‌కి 700 గ్రాముల బొగ్గు అనుకుంటే, పూర్తి లోడ్‌లో రోజుకి 33 వేల టన్నులు దాటుతుంది. అందులో 5 శాతమంటే 1,600 టన్నుల పైనే! పది టన్నుల లారీలు రోజూ 160. అంత గడ్డి ఎక్కణ్ణుంచి తెస్తాం? మన వైపు వరిగడ్డి పశువులకి మేత. దాన్ని "వ్యర్థం" అనేస్తే రైతు ఒప్పుకోడు.

స్టీల్ సంగతి ఇంకోలా ఉంటుంది. బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్ వేడి ఇవ్వడమే కాదు, పైనున్న ఖనిజం బరువునీ మోయాలి. కర్రబొగ్గు అంత బరువుకి నలిగిపోతుంది. బ్రెజిల్‌లో యూకలిప్టస్ బొగ్గుతో ఇనుము తీస్తున్నారు గానీ, చిన్న ఫర్నేసుల్లో.

ఇంకొక్క మాట. మా అమ్మ కట్టెల పొయ్యి ముందు దగ్గుతూ వండేది. అదీ బయోమాసే. అందుకే "సహజం" అనగానే "మంచిది" అనుకోను. అదే పేడని గోబర్ గ్యాస్ తొట్టిలో వేస్తే పొగలేని మంట వస్తుంది, మిగిలిన బురద పొలానికి ఎరువవుతుంది.

కాబట్టి ఏం కాలుస్తున్నాం అన్నదొక్కటే కాదు, ఎంత దూరం నుంచి తెస్తున్నాం, ఎవరి నోటి దగ్గరిది తీస్తున్నాం, పొగ ఎవరు పీలుస్తున్నారు, ఈ మూడూ అడగండి.

ఉంటానండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.