ఊపిరికి తోడు

చలికాలపు రాత్రి బోయినపల్లిలో ఒక వృద్ధునకు ఆయాసము హెచ్చినచో ఇంటివారు ఆయనను సిరిసిల్లకో, కరీంనగరమునకో కొనిపోవుదురు. అచ్చట వైద్యుడు గొంతులో గొట్టము వేయక, ముఖమునకొక తొడుగు బిగించి యంత్రమునకు కలుపును. ప్రక్క మంచముమీది రోగికి ముక్కున సన్నని గొట్టములు మాత్రమే యుండును. "ఆయనకొకటి, మా తండ్రికొకటియా?" అని మనకు సందేహము కలుగుట సహజము.

ఆయాసము ఒక్కటే, కారణములు వేఱు. బీడీ పొగయు, కట్టెల పొయ్యి పొగయు ఏండ్ల తరబడి పీల్చినవారి ఊపిరితిత్తులలో చేరిన గాలి సరిగా వెలికి రాదు. రొమ్ము కండరములు అలసిపోవును. బొగ్గుపులుసు వాయువు నెత్తుట పేరుకొని రోగి మగతలో పడును. ఇట్టివానికి ప్రాణవాయువును మితిమీఱి ఇచ్చుట అపాయము. వ్రేలికి తగిలించు సాధనము 88 నుండి 92 వఱకు చూపిన చాలును. కావలసినది కండరములకు తోడు. బైపాప్ యంత్రము ఊపిరి తీయునపుడు హెచ్చు ఒత్తిడితోను, విడుచునపుడు తక్కువ ఒత్తిడితోను గాలి నందించును. 1995లో బ్రొషార్ మొదలగు ఐరోపా వైద్యులు 85 మంది రోగులపై జరిపిన పరిశీలనలో, ఒత్తిడిగాలి లేనివారిలో నూటికి 74 మందికి గొంతు గొట్టము అవసరము కాగా, పొందినవారిలో 26 మందికే అయ్యెను. మరణములు నూటికి 29 నుండి 9కి దిగెను. వైద్యమున ఇంత తేడా తఱచుగా కానరాదు.

గుండె బలహీనమై ఊపిరితిత్తులలో నీరు చేరినవారికిని ఒత్తిడిగాలి మేలే. ఎడతెగక ఒకే ఒత్తిడి నిచ్చు సీపాప్ చాలును.

న్యుమోనియా సంగతి అంత తేటగా లేదు. వెచ్చజేసి తేమ కలిపిన ప్రాణవాయువును నిమిషమునకు 60 లీటర్ల వఱకు ముక్కున పంపు పద్ధతి యొకటి కలదు. 2015లో వెలువడిన ఫ్రాన్సు, బెల్జియముల పరిశీలనలో 310 మందిని చూడగా, గొంతు గొట్టము పడినవారి సంఖ్యలో తేడా నిశ్చయముగా తేలలేదు. కాని 90 దినములలో మరణములు ఈ ముక్కుధార పొందినవారిలో తక్కువ. అంతటితో తీర్పు చెప్పుదమా యన్న, కోవిడ్ రోగులపై జరిగి 2022లో వెలువడిన బ్రిటిషు పరిశీలనలో సాధారణ ప్రాణవాయువు కంటె మేలనిపించుకొన్నది సీపాప్, ముక్కుధార కాదు. పైగా ముక్కుధార ప్రాణవాయువును మ్రింగివేయును. శుద్ధ ప్రాణవాయువును పూర్తి వేగమున పంపినచో 7,000 లీటర్ల పెద్ద సిలిండరు రెండు గంటలైనను నిలువదు. చిన్న ఆసుపత్రికి ఇది చిన్న మాట కాదు.

ఏ పద్ధతియైనను గంట, రెండు గంటలలో ఫలము చూపవలెను. ఊపిరి వేగము తగ్గక, మగత పెరుగుచున్నచో గొంతు గొట్టమునకు జాగు చేయరాదు. "ఇంకొంతసేపు చూతము" అనుటలో ప్రాణము పోవచ్చును. ఇంకొక మాట. తొడుగు తీసి ముద్ద పెట్టబోవు బంధువులను నర్సు వారించినపుడు మనము కోపపడుదుము. ఒత్తిడిగాలి కొంత పొట్టలోనికి పోయి యుండును. అప్పుడు వాంతియైనచో అది ఊపిరితిత్తులలోనికి దిగును.