మూసీనది - ఒక బాలుని ప్రశ్న



నేను సూర్యాపేట ప్రాంతమున ముప్పదియేండ్లు ఉపాధ్యాయుఁడనై భూగోళము బోధించితిని. ఒకనాఁడు పటముపై అమెజాను నదిని జూపి, అది యేఁడాది పొడుగునను నిండుగాఁ బాఱునని చెప్పుచుండఁగా నొక బాలుఁడు లేచి, “సారూ, మరి మన మూసీ ఎండకాలం ఎందుకు ఎండుతది?” అని యడిగెను. గంట మ్రోగినదని నేను తప్పించుకొంటిని. ఆ ప్రశ్నకు నేఁడు ప్రత్యుత్తర మిచ్చుచున్నాను.

అమెజాను భూమధ్యరేఖకుఁ జేరువ నున్నది. ఆ పరీవాహక ప్రదేశమున నేఁటికి సగటున సుమారు 90 అంగుళముల వాన కురియును. ఆ వానయంతయు నేరుగా సముద్రమునుండి వచ్చినది కాదు. చెట్లు వేళ్లతోఁ ద్రాగిన నీటిని ఆకులద్వారా ఆవిరిగా విడుచును. గాలి దానిని పడమటికిఁ గొనిపోవఁగా నదియే మరల వానయగును. అడవి నఱికినచో నీ చక్రము తెగిపోవును.

మన మూసీ వికారాబాదు చెంత అనంతగిరి కొండలలోఁ బుట్టి, సుమారు 240 కిలోమీటర్లు ప్రవహించి, మిర్యాలగూడకు దిగువ వాడపల్లియొద్దఁ గృష్ణలోఁ గలియుచున్నది. మన సీమకు వాన యేఁటికి సుమారు 30 అంగుళములే. అందును అధికభాగము జూను మొదలు సెప్టెంబరు వఱకు నైఋతి ఋతుపవనములు తెచ్చునదే. తక్కిన యెనిమిది నెలలు ఏఱు నిలువ నీటితో బ్రదుకవలెను. కురిసినపుడో, యొక్కపెట్టునఁ గురియును: 1908 సెప్టెంబరు 28న మూసీ వఱద హైదరాబాదున వేలకొలఁది ప్రాణములను బలిగొనెను.

కావున వాననీటిని నిలుపుటయే మన పూర్వులు నేర్చిన విద్య. కాకతీయుల కాలమున పిల్లలమఱ్ఱి రేచర్ల రెడ్లు గుడులతోపాటు చెఱువులను గట్టించిరి. 1963లో సోలిపేటయొద్ద మూసీ ఆనకట్ట పూర్తియయ్యెను. అమెజానుకు అడవి చేయు పనిని మనకుఁ జెఱువు చేయవలెను.

నేను బాల్యమున మూసీ యిసుకలోఁ జెలమ తీసి దోసిట నీరు త్రాగితిని. నేఁడు వేసవిలో ఏటఁ గానవచ్చునది చాలవఱకు నగరపు మురుగునీరే. మా యూరి చెఱువునకు నీరు తెచ్చు కాలువను కొందఱు పొలములలోఁ గలుపుకొనిరి. చూచియు నేను నోరు మెదపనైతిని. ఆ తప్పులో నాకును భాగము గలదు.

పెద్దలారా, మృగశిర కార్తె ప్రవేశింపకమున్నే, మీ యూరి చెఱువు కాలువవెంట నొక్కమాఱు నడచి చూడుఁడు. పూడిన తావునఁ దీయింపుఁడు. ఆక్రమించినవారికి నయమునఁ జెప్పుఁడు. ఆ బాలుఁడు నేఁడు బిడ్డల తండ్రి. వారును వచ్చి యదే ప్రశ్న యడిగిననాఁడు, గంట మ్రోగినదని మనము తప్పించుకొనఁ జెల్లదు.