బ్రతికియుండియే మృతుడైన గాయకుడు



అమెరికాలోని డెట్రాయిట్ నగరమందు పాతయిండ్లు పడగొట్టు కూలిపని చేసికొని బ్రతికిన సిక్స్‌టో రోడ్రిగెజ్ అను గాయకుని కథ యొక చలనచిత్రమైనది. ఇందు వేషధారులు లేరు. అతని నెరిగినవారే వచ్చి తమకు తెలిసినది చెప్పుదురు. స్వీడను దేశీయుడగు మాలిక్ బెంజెలూల్ 2012లో దీనిని వెలువరించెను. పేరు ‘సర్చింగ్ ఫర్ షుగర్ మాన్’.

గిటారు మీటుచు రాక్ అనబడు బాణీలో తాను కట్టిన పాటలను రోడ్రిగెజ్ 1970, 1971 సంవత్సరములలో రెండు గ్రామఫోను ప్లేట్లుగా విడుదల చేయించెను. స్వదేశమున కొన్నవారు అరుదు. ఆ పాటలే సముద్రము దాటి దక్షిణాఫ్రికా చేరి, వర్ణవివక్ష పాలనను రోసిన తెల్లజాతి యువకుల యిండ్ల మారుమ్రోగినవి. గాయకుడు రంగస్థలముననే ప్రాణము తీసికొనెనని అచట వదంతి. బ్రతికియున్నవానికి తద్దినము పెట్టినట్లే గదా! వారికి ఇతని యునికి తెలియదు. ఇతనికి తన కీర్తి తెలియదు. తుదకు అభిమానులు వెదకి పట్టగా, 1998లో అతడు అచటికేగి వేలకొలది జనుల యెదుట పాడెను. ప్లేట్ల సొమ్ము ఎవరి చేత జిక్కెనో చిత్రము ప్రశ్నించునే గాని తేల్చదు.

ఒక లోపము చెప్పక తీరదు. 1979, 1981లలో అతడు ఆస్ట్రేలియాలో కచేరీలు చేసియుండెను. చిత్రమున ఆ ప్రసక్తియే లేదు. కథ రక్తికట్టుటకై నిజమును మరుగుపరచుట యిట్టి చిత్రమునకు తగదని నా యభిప్రాయము. అయినను 2013లో దీనికి ఆస్కారు బహుమానము లభించెను. ఆ సభకు రోడ్రిగెజ్ పోలేదు. 2023లో, తన 81వ యేట, అతడు నిజముగనే కన్నుమూసెను.