పేరు దూరానికి, వివరం దగ్గరికి
(సమాఖ్య వార్షిక మహాసభలో పచ్చళ్లు, పొడుల సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఈరోజు మేము ప్యాకెట్ మీద అక్షరాల గురించి నాలుగు మాటలు చెప్పాలనుకున్నాం. మేళాలో జనం నడుస్తూనే చూస్తారు. నాలుగడుగుల దూరం నుంచి పేరు కనబడితేనే దగ్గరకొస్తారు. మా మొదటి లేబుళ్లకు ప్రెస్సువాళ్లు తీగల్లాంటి సన్నక్షరాలు వేశారు. చూడ్డానికి బాగానే ఉన్నాయి కానీ, వచ్చినవాళ్లంతా "ఇదేం పొడమ్మా?" అని అడిగేవాళ్లే.

తర్వాత డీటీపీ సెంటర్లో కూర్చుని ఫాంట్లన్నీ చూశాం. మందంగా, వెడల్పుగా, గీతంతా ఒకే లావుతో ఉండేవి బోర్డులకు, పేర్లకు పనికొస్తాయి. ఇంగ్లీషులో గుండ్రాలు, తిన్నని గీతలతో కట్టినట్టుండే ఫాంట్లలో ఫ్యూచురా పేరున్నది. జర్మనీకి చెందిన పాల్ రెన్నర్ గీశారు, 1927లో వచ్చింది. 1969లో చంద్రుడి మీద ఉంచిన పలకపై ఉన్నవి ఆ అక్షరాలే. మన తెలుగులో రామభద్ర అనే లావు ఫాంట్ ఉంది. రాయలవారి కాలపు కవి అయ్యలరాజు రామభద్రుడి పేరు పెట్టారు. ఉచితంగా దొరుకుతుంది, అమ్మే సరుకు మీద కూడా వాడుకోవచ్చు.

ఫాంట్ ఎంచుకున్నాక చూసుకోవాల్సినవి మూడున్నాయి.

ఒకటి, లావు అక్షరాన్ని చిన్నగా వేస్తే లోపలి ఖాళీ పూడుకుపోతుంది. 'ప' తల మూసుకుంటే 'వ' లాగా కనబడుతుంది. 'ధ' కింది గీత కలిసిపోతే ధనియాలు దనియాలవుతాయి. అందుకే అసలు సైజులో ఒక కాగితం తీయించి, దూరంగా పెట్టి చదివాకే అచ్చుకివ్వాలి.

రెండు, వెడల్పు కావాలని కంప్యూటర్లో అక్షరాన్ని సాగదీయనివ్వొద్దు. నిలువు గీతలు లావై, అడ్డగీతలు అలాగే ఉండిపోతాయి. వెడల్పుగా గీసిన ఫాంటే అడగండి. పేరు రెండు వరసలైతే మధ్యన చోటు వదలాలి. లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడులకు తగులుతాయి.

మూడు, లావు అక్షరం పేరుకే. తూకం, ధర, తయారైన తేదీ, అందులో వేసిన సరుకులు, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, మన చిరునామా మామూలు అక్షరాల్లో, తేటగా ఉండాలి. ఇవి చట్టం అడిగేవి. ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ తప్పకుండా ఉండాలి, తెలుగు అదనంగా వేసుకోవచ్చు. కొనేవాళ్లు పేరు చూసి వస్తారు, ఇవి చదివి నమ్ముతారు.

ఇప్పుడు మా సంఘంలో సంతకం దాకానే చదువు నేర్చిన పెద్దమ్మ కూడా ప్యాకెట్లను పేరు చదివి సర్దుతోంది. మా చేతి సరుకు పేరు మేమే చదువుకోవడం మాకు చిన్న సంగతి కాదు.

సంఘానికో రకంగా అచ్చు వేయించే బదులు, వచ్చే మేళాలోపు అందరికీ ఒకే తీరు లేబుల్ ఉండేలా సమాఖ్య తీర్మానం చేయాలని కోరుతున్నాం. కలిపి వేయిస్తే ఖర్చూ కలిసొస్తుంది.